ఏసీ మెకానిక్ ఉద్యోగం వదిలే ముందు వేసుకోవలసిన వానాకాలపు లెక్క

ఏప్రిల్, మే నెలల్లో ఏసీ సర్వీసు షాపులో పనిచేసే ప్రతి కుర్రవాడికీ ఒక ఆలోచన వస్తుంది. పొద్దున్నే బండి మీద నిచ్చెన, జెట్ పంపు కట్టుకొని బయలుదేరి, రాత్రి దాకా ఆరేడు ఇళ్లు తిరిగి, ఒక్కో ఇంట్లో ఆరేడు వందల రూపాయల బిల్లు తన చేత్తోనే రాసిన తరువాత, ఆ రోజు ఓనరు గల్లాలో పడిన మొత్తాన్నీ, నెలాఖరున తనకు వచ్చే జీతాన్నీ పక్కపక్కన పెట్టి చూసుకోవడం సహజం. కష్టం నాది, లాభం ఆయనది అనిపించడమూ సహజమే. అయితే ఆ వేడిలో ఇచ్చే రాజీనామాలలో చాలావరకు దసరా వచ్చేసరికి పశ్చాత్తాపంగా మారుతాయి. కారణం పనితనం లోపించడం కాదు, లెక్క వేసిన నెల తప్పు కావడం.

ఐటీఐ గాని డిప్లొమా గాని పూర్తిచేసి, నాలుగైదేళ్లుగా ఒక షాపులోనో, కంపెనీ సర్వీసు సెంటరులోనో పనిచేస్తూ, సొంతంగా నిలబడాలా, ఉద్యోగంలోనే ఎదగాలా, గల్ఫ్ వెళ్లాలా అని తేల్చుకోలేకపోతున్న యువకుల కోసం ఈ వివరాలు రాస్తున్నాను. ఉదాహరణలన్నీ ఏసీ పనికి సంబంధించినవే అయినా, సీజను మీద నడిచే ఏ చేతిపనికైనా ఇదే వరసలో ఆలోచించవచ్చు.

ముందు ఒక ఏడాది నోటుబుక్కు

ఉద్యోగంలో ఉండగానే చేయవలసిన మొదటి పని, ఒక పూర్తి సంవత్సరం పాటు మీరు చేసిన ప్రతి పనినీ రాసిపెట్టుకోవడం. తేదీ, పని రకం, బిల్లు మొత్తం, వాడిన సామాను, పట్టిన సమయం, ఆ కస్టమరు ఎలా వచ్చాడన్న వివరం ఉంటే చాలు. ఇది ఓనరు రహస్యాలను రాసుకోవడం కాదు. మీ పనిని మీరు రాసుకోవడమే. మూడు నెలలు రాసి ఆపేస్తే ప్రయోజనం ఉండదు, ఎందుకంటే మార్చి నుంచి జూన్ దాకా ఉండే గిరాకీకీ, వానలు పడిన తరువాతి గిరాకీకీ పోలిక లేదు. వైర్లు తడిసి, స్టెబిలైజర్లు, పీసీబీలు (ఏసీ లోపలి ఎలక్ట్రానిక్ బోర్డులు) కాలిపోయిన ఫోన్లు కొన్ని వానాకాలంలో వస్తాయి గాని, నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వరకు ఇళ్ల నుంచి వచ్చే పిలుపులు దాదాపు ఉండవు.

బిల్లును కూడా విడదీసి చూడాలి. గ్యాస్ నింపిన పనికి 2,800 రూపాయల బిల్లు వేశారనుకుందాం. అందులో గ్యాస్, నైట్రోజన్, అతుకు వేసే బ్రేజింగ్ రాడ్ కలిపి 900, హెల్పరుకు ఆ పూట కూలి 350, పెట్రోలు 100 పోతే 1,450 మిగిలినట్టు కనిపిస్తుంది. కాని పని నిజాయతీగా చేస్తే ముందు లీకు ఎక్కడో పట్టుకోవాలి, నైట్రోజన్ ఎక్కించి, సబ్బు నురుగు పూసి, బుడగ ఎక్కడ లేస్తుందో చూడాలి, అతుకు వేయాలి, తరువాత వ్యాక్యూమ్ పంపు కనీసం పావుగంట, అరగంట నడిపి, గేజ్ ముల్లు కదలకుండా నిలబడిందని నమ్మకం కుదిరాకే గ్యాస్ వదలాలి. సగం రోజు అక్కడే గడుస్తుంది. లీకు వెతకకుండా గ్యాస్ మాత్రం నింపి వచ్చేవాడికి గంటలో పని అయిపోతుంది గాని, ఫ్లేర్ జాయింటు (రాగి గొట్టాన్ని నట్టుతో బిగించే చోటు) దగ్గర సన్నగా కారుతూ ఉంటే పదిహేను రోజుల్లో అదే ఇంటి నుంచి ఫోను వస్తుంది. జీతగాడిగా ఉన్నప్పుడు ఆ రెండోసారి తిరిగిన ఖర్చు ఓనరుది. సొంతంగా పెట్టుకున్నాక గ్యాసు, పెట్రోలు, ఆ పూట కోల్పోయిన మరో పని, అన్నీ మీవే. కాబట్టి నోటుబుక్కులో మళ్లీ వెళ్లవలసి వచ్చిన పనులకు ప్రత్యేకంగా గుర్తు పెట్టండి. మీ లాభం ఎంతో నిర్ణయించేది ఆ గుర్తులే.

ఏడాది లెక్క ఎలా ఉంటుందో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. ఒక మధ్యస్థాయి పట్టణంలో ఒంటరిగా పనిచేసే మెకానిక్‌కు ఖర్చులు పోను సీజనులో నాలుగు నెలలు నెలకు 45,000, జూలై నుంచి అక్టోబరు వరకు నెలకు 14,000, చలికాలం నాలుగు నెలలు నెలకు 10,000 మిగిలిందనుకుంటే, మొత్తం 2,76,000 అవుతుంది. సగటున నెలకు 23,000. ఇప్పుడు 19,000 జీతంతో పోల్చితే బాగానే ఉందనిపిస్తుంది. అయితే ఆ జీతంలో బేసిక్ 15,000 అయి, పీఎఫ్, ఈఎస్ఐ రెండూ ఉన్న సంస్థ అయితే, ఓనరు తన వాటాగా పీఎఫ్ ఖాతాలకు 12 శాతం, అంటే 1,800, ఈఎస్ఐకి మొత్తం జీతం మీద 3.25 శాతం, అంటే మరో 600 పైచిలుకు కడుతున్నాడు. అంటే మీరు పోల్చవలసిన అంకె 19,000 కాదు, సుమారు 21,400. తేడా నెలకు 1,600 మాత్రమే. దీనికి నెలకు 6,000 అద్దెతో మెయిన్ రోడ్డు మీద ఒక షట్టరు తీసుకుంటే సగటు 17,000కు పడిపోతుంది.

అందుకే మొదటి ఏడాది షాపు అద్దెకు తీసుకోవద్దని గట్టిగా చెబుతాను. ఏసీ రిపేరు కోసం కస్టమరు షాపుకు రాడు, మెకానిక్కే ఇంటికి వెళతాడు. సామాను పెట్టుకోవడానికి ఇంట్లో ఒక మూల, ఫోను నంబరు, ఒక బిల్లు పుస్తకం ఉంటే పని నడుస్తుంది. బోర్డు కట్టి, కొబ్బరికాయ కొట్టి, బంధువులను పిలిచి ప్రారంభోత్సవం చేసుకోవాలన్న కోరిక అర్థం చేసుకోదగినదే, కాని దాన్ని రెండో ఏటికి వాయిదా వేస్తే నష్టమేమీ లేదు.

వానాకాలాన్ని నింపే పని దొరుకుతుందా

సొంత పని నిలబడుతుందా లేదా అన్నది సీజనులో ఎంత సంపాదిస్తారన్నదాని కంటే, మిగతా ఎనిమిది నెలలు దేనితో నింపుతారన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. దీనికి మూడు దారులు కనిపిస్తాయి.

మొదటిది ఏడాది నిర్వహణ ఒప్పందాలు, అందరూ ఏఎంసీ అని పిలిచేవి. ఇళ్లలో వీటికి గిరాకీ తక్కువ. డయాగ్నస్టిక్ ల్యాబులు, మందుల డిస్ట్రిబ్యూటర్లు, బ్యాంకు శాఖలు, ఏటీఎం గదులు, చిన్న ఆస్పత్రులు, బట్టల షోరూములు, ఫంక్షన్ హాళ్లు మాత్రం డిసెంబరులోనూ ఏసీ ఆగిపోతే ఊరుకోలేవు. పది యూనిట్లున్న ల్యాబుతో ఏడాదికి నాలుగు సర్వీసులకు ఒప్పందం కుదిరితే, ఆ నాలుగింటిలో రెండింటిని చలికాలంలో పెట్టుకోవచ్చు. ఒప్పందంలో ఏవి కలిసి ఉంటాయో, కంప్రెసరు, పీసీబీ, గ్యాసు విడిగా చెల్లించాలా వద్దా అన్నది రాతలో ఉండాలి. నోటిమాటగా "అన్నీ చూసుకుంటాం సార్" అని వచ్చినవాడు, మొదటి కంప్రెసరు కాలిన రోజున ఆ ఒప్పందం మీద వచ్చిన డబ్బంతా తిరిగి పెట్టవలసి వస్తుంది.

రెండవది పక్క పనులు నేర్చుకోవడం. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, గీజరు, నీటి ప్యూరిఫయరు పనులు ఏడాది పొడుగునా ఉంటాయి. గీజరుకైతే సీజనే చలికాలం. ఇవి చిన్నతనమని భావించే మెకానిక్కులు ఉన్నారు. జూలైలో ఖాళీగా కూర్చోవడం కంటే చిన్నతనం లేదు.

మూడవది, అన్నింటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది, ఇన్వర్టర్ ఏసీల పీసీబీ బాగుచేయడం నేర్చుకోవడం. కొత్తగా అమ్ముడవుతున్న ఇంటి ఏసీలలో ఇన్వర్టరు రకానిదే పైచేయి. బోర్డు పోతే చాలామంది మెకానిక్కులు కొత్త బోర్డు వేయాలని చెప్పి వేల రూపాయల అంచనా ఇస్తారు. మల్టీమీటరుతో కెపాసిటరు, ఐపీఎం (కంప్రెసరును నడిపే పవర్ మాడ్యూల్), ఫ్యూజు పరీక్షించి బోర్డును బతికించగలవాడికి తోటి మెకానిక్కులే పని తెచ్చి ఇస్తారు. అతనికి ఇంటింటికీ తిరిగే శ్రమ ఉండదు, వానలతో సంబంధం ఉండదు. ఇది నేర్చుకోవడానికి ఏడాది పట్టినా ఆ ఏడాది జీతం మీద ఉండి నేర్చుకోవడమే తెలివైన పని.

కస్టమరు ఎవరి మనిషి

చాలామంది తమ ఫోనులో రెండు మూడు వందల కస్టమర్ల నంబర్లు ఉన్నాయన్న ధైర్యంతో బయటికి వస్తారు. ఆ నంబర్లు షాపు పేరు చూసి ఫోను చేసినవారివి. వారిలో మీ పేరు గుర్తున్నవారు ఎంతమంది? సర్వీసు పూర్తయ్యాక "తమ్ముడూ, వచ్చే ఏడు కూడా నువ్వే రావాలి, వేరేవాళ్లను పంపొద్దని చెప్పు" అన్నవారు ఎందరో నోటుబుక్కులో రాసుకోండి. వేసవిలో ప్రతివారూ నంబరు అడుగుతారు, అది లెక్కలోకి రాదు. చలికాలంలో గీజరు పాడైతే మిమ్మల్ని గుర్తు తెచ్చుకొని పిలిచినవారే మీ మనుషులు. అటువంటి ఇళ్లు ముప్పై నలభై లేకుండా ఉద్యోగం వదలడం తొందరపాటని నా అభిప్రాయం.

ఓనరు కస్టమర్లను వరసగా ఫోను చేసి తన వైపు తిప్పుకోవడం గురించి ఒక మాట. అది ధర్మమా కాదా అన్నది అలా ఉంచినా, చిన్న పట్టణంలో అది పనికివచ్చే ఎత్తుగడ కాదు. స్పేర్ పార్టుల షాపువాడు, గ్యాస్ సిలిండరు ఇచ్చేవాడు, ఏసీలు అమ్మే డీలరు, అందరూ మీ ఓనరుకు ఏళ్ల తరబడి పరిచయస్తులే. మొదటి ఏడాది మీకు కంప్రెసరు అరువు మీద కావలసి వచ్చినప్పుడు, అది ఇచ్చే మనిషి ముందుగా మీ పాత ఓనరునే అడిగి చూస్తాడు. మంచిగా బయటికి వచ్చినవారికి ఆ ఓనరే సీజనులో తాను చేరుకోలేని పనులు అప్పగించడం ఈ రంగంలో మామూలు విషయం.

మిగతా రెండు తలుపులు

సొంత పని ఒక్కటే ఎదుగుదల అనుకోవడం పొరపాటు. ఇళ్ల ఏసీల నుంచి పారిశ్రామిక శీతలీకరణ వైపు వెళితే, ఉద్యోగంలోనే మంచి స్థాయి అందుకోవచ్చు. గుంటూరు చుట్టూ మిర్చి కోల్డ్ స్టోరేజీలు, భీమవరం, కాకినాడ, విశాఖపట్నం ప్రాంతాల్లో రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు, పాశమైలారం, జీడిమెట్ల, పరవాడలలో మందుల కంపెనీలు, హైదరాబాద్‌లో డేటా సెంటర్లు ఉన్నాయి. వీటిలో చాలాచోట్ల యంత్రాలు రాత్రింబగళ్లు నడుస్తాయి, సీజను అన్న మాట ఉండదు. కోల్డ్ స్టోరేజీల్లో, రొయ్యల ప్లాంట్లలో అమ్మోనియా వాడకం ఎక్కువ. అది విషవాయువు గనుక శిక్షణ, క్రమశిక్షణ ఉన్న మనిషికే అక్కడ విలువ. మందుల కంపెనీలలో చిల్లర్లు (నీటిని చల్లబరిచే పెద్ద యంత్రాలు), ఏహెచ్‌యూలు (చల్లని గాలిని గదులకు పంపే యూనిట్లు) చూసుకోవాలంటే రికార్డులు పక్కాగా రాయడం రావాలి. నాలుగేళ్ల ఇంటి సర్వీసు అనుభవంతో అటువైపు మారినప్పుడు మొదట్లో జీతం పెరగకపోవచ్చు, ఒకటి రెండు వేలు తగ్గనూ వచ్చు. అయినా మూడు నాలుగేళ్ల తరువాత షిఫ్టు ఇన్‌చార్జి దాకా వెళ్లే దారి అక్కడ ఉంది, ముగ్గురు మనుషుల సర్వీసు షాపులో అది లేదు. పగటిపూట పని చేసుకుంటూ లోకం మీద తిరగడం ఇష్టపడేవారికి రాత్రి షిఫ్టులు పడవు; ఆ సంగతి ముందే ఆలోచించుకోవాలి.

గల్ఫ్ విషయానికి వస్తే, జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ ప్రాంతాల్లో ప్రతి ఊళ్లోనూ వెళ్లివచ్చినవారు ఉంటారు గనుక, ఏజెంటు కంటే ముందు వారిని అడగడం మంచిది. కేంద్రం దగ్గర నమోదైన రిక్రూటింగ్ ఏజెంటు వసూలు చేయగల సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ, అంతకు మించి కాదు. ఏజెంటు నమోదై ఉన్నాడా లేదా అన్నది ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ అనే ప్రభుత్వ సంస్థలు కూడా విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపుతాయి. ఐటీఐ చదివినవారిలో ఎక్కువమంది పదో తరగతి పాసైనవారే గనుక వారి పాస్‌పోర్టుకు వలస అనుమతి అవసరం ఉండదు. అది సౌకర్యమే గాని, ఆ అనుమతి సమయంలో ప్రభుత్వం చేసే కాంట్రాక్టు తనిఖీ, తప్పనిసరి బీమా మీకు వాటంతట అవి రావని అర్థం. కాబట్టి జీతం, పని గంటలు, వసతి, తిరుగు టికెట్టు రాసి ఉన్న కాంట్రాక్టు కాగితాన్ని విమానం ఎక్కే ముందు మీరే చదివించుకోవాలి. లక్షన్నర రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఏజెంటుకు ఇచ్చి వెళితే నెలకు 3,000 వడ్డీకే పోతుంది. మొదటి ఏడాది సంపాదన ఆ అప్పు తీర్చడానికే సరిపోతుంది.

సొంత పని ఆలోచన ఉన్నవారికి గల్ఫ్ ఒక విధంగా పనికివస్తుంది. పెద్ద భవనాల డక్టింగ్, చిల్లర్ పనులు అక్కడ చేతికి అలవాటవుతాయి, పెట్టుబడి కూడా కూడుతుంది. ఎన్నేళ్లు, ఎంత మొత్తం అన్నది వెళ్లే ముందే ఇంట్లో అందరితో మాట్లాడి తేల్చుకోకపోతే, చెల్లెలి పెళ్లి, ఇంటి స్లాబు అంటూ ఆ పెట్టుబడి ఎప్పటికీ కూడదు.

రాజీనామా తేదీ

రాజీనామా ఎప్పుడు ఇవ్వాలన్న దానిలో డబ్బు ఉంది. పదిమంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలో ఐదేళ్లు పూర్తిచేస్తే గ్రాట్యుటీ (సర్వీసుకు ప్రతిఫలంగా ఒకేసారి ఇచ్చే మొత్తం) వస్తుంది. చివరి నెల బేసిక్, డీఏల మొత్తాన్ని 26తో భాగించి, 15తో గుణించి, సర్వీసు సంవత్సరాలతో గుణించాలి. బేసిక్ 20,000 ఉన్నవారికి ఐదేళ్లకు 57,692 రూపాయలు. నాలుగేళ్ల ఏడు నెలలకు కోపంతో వెళ్లిపోయినవారు ఒక మెకానిక్‌కు కావలసిన పూర్తి పనిముట్ల ఖరీదును వదిలేసినట్టే.

పీఎఫ్ డబ్బును పెట్టుబడిగా వాడుకోవాలన్న ఆలోచన అందరికీ వస్తుంది. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే దానిపై ఆదాయపు పన్ను లెక్కలోకి వస్తుంది, అది ఒకటి. పెన్షన్ భాగం మరొకటి: మొత్తం పదేళ్ల సర్వీసు ఉంటేనే 58వ ఏట నుంచి పెన్షన్ హక్కు. పదేళ్లు నిండని వారు ఆ సొమ్మును తీసేసుకోకుండా స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుంటే, తరువాత మళ్లీ ఎక్కడైనా ఉద్యోగంలో చేరినప్పుడు పాత సర్వీసు కలుస్తుంది. ఇరవై ఆరేళ్ల వయసులో పెన్షన్ గురించి చెబితే నవ్వుతారు, అయినా చెబుతున్నాను.

ఉద్యోగం వదిలిన కొంతకాలానికి ఈఎస్ఐ వైద్యం కుటుంబానికి అందదు గనుక, ఆలోగా వేరే ఆరోగ్య రక్షణ చూసుకోవాలి. రెండో అంతస్తు సజ్జ మీద నిలబడి ఔట్‌డోర్ యూనిట్ విప్పే పనిలో ఉన్నవారు, బ్యాంకు ఖాతా ద్వారా ఏడాదికి 20 రూపాయలతో 2 లక్షల ప్రమాద బీమా ఇచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో చేరకపోవడానికి ఏ కారణమూ లేదు. 436 రూపాయలతో 2 లక్షల జీవిత బీమా ఇచ్చే జీవన్ జ్యోతి కూడా అదే బ్యాంకులో దొరుకుతుంది. ఇవి చాలవు, కాని లేనిదాని కంటే మేలు.

నెల విషయానికి వస్తే, నోటీసు ఇచ్చి డిసెంబరు చివరికో, జనవరికో బయటికి రావడం మంచిది. పనిముట్లు సమకూర్చుకోవడానికి, ఒప్పందాల కోసం ల్యాబులూ ఆస్పత్రులూ తిరగడానికి రెండు నెలలు దొరుకుతాయి, ఆ తరువాత సీజను వస్తుంది. ఏప్రిల్ నడిమధ్యలో ఓనరును వదిలేసి రావడం కంటే ఇది అన్ని విధాలా మర్యాద. బయటికి వచ్చేనాటికి ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో ఉండాలి, బైక్ ఈఎంఐ తప్ప వేరే వాయిదాలు ఉండకూడదు.

డబ్బు ఎక్కడి నుంచి

గేజ్ సెట్, వ్యాక్యూమ్ పంపు, క్లాంప్ మీటరు, ఫ్లేరింగ్ టూల్, డ్రిల్ మెషిన్, జెట్ పంపు, బ్రేజింగ్ సెట్, చిన్న నైట్రోజన్ సిలిండరు, నిచ్చెన: ఒంటరి మెకానిక్‌కు కావలసింది ఇంతే. వీటిలో సగం ఉద్యోగంలో ఉండగానే ఒక్కొక్కటిగా కొనుక్కోవచ్చు. సెకండ్ హ్యాండు డ్రిల్ మెషిన్ పరవాలేదు, సెకండ్ హ్యాండు వ్యాక్యూమ్ పంపు మాత్రం కొనవద్దు.

అప్పు తప్పదనుకుంటే ముందు వడ్డీని అర్థం చేసుకోవాలి. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, మూడు రూపాయలంటే 36. డైలీ ఫైనాన్సు అంతకంటే దారుణం. పదివేల పేరు చెప్పి 8,500 చేతికిచ్చి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. పైకి 1,500 మాత్రమే కదా అనిపిస్తుంది. కాని అసలు రోజూ తీరిపోతూ ఉంటుంది గనుక, సగటున మీ దగ్గర ఉండేది నాలుగు వేల చిల్లర మాత్రమే. ఏడాది లెక్కన చూస్తే ఆ వడ్డీ నూరు శాతం దాటుతుంది. సీజనులో ఏదో విధంగా కట్టినా, జూలైలో రోజుకు వంద కట్టలేక మరో ఫైనాన్సు తీసుకున్నవారు దాని నుంచి బయటపడటం కష్టం.

చిన్న వ్యాపారాలకు కేంద్ర పథకం కింద బ్యాంకులు ఇచ్చే ముద్రా రుణం తనఖా లేకుండా వస్తుంది. శిశు కింద 50,000 వరకు, కిశోర్ కింద 5 లక్షల వరకు, తరుణ్ కింద 10 లక్షల వరకు ఇస్తారు. మీకు మొదట్లో కావలసింది శిశు, లేదా కిశోర్‌లో కింది మెట్టు. జీతం పడే ఖాతా ఉన్న బ్యాంకులోనే అడగండి, ఉద్యోగంలో ఉండగానే మేనేజరుతో మాట్లాడండి, సిబిల్ స్కోరు ముందే చూసుకోండి. ఎప్పుడో తీసుకున్న సెల్‌ఫోను ఈఎంఐ ఒకటి ఎగ్గొట్టిన పాపానికి దరఖాస్తు తిరిగి రావచ్చు.

పీఎంఈజీపీ (ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం) సబ్సిడీ గురించి ఊరూరా ప్రచారం ఉంది గనుక కొంచెం వివరంగా చెప్పాలి. సేవా రంగంలో 20 లక్షల వరకు ప్రాజెక్టుకు వర్తిస్తుంది. సాధారణ వర్గం వారు తమ వాటాగా 10 శాతం పెట్టాలి. సబ్సిడీ పట్టణంలో 15 శాతం, గ్రామంలో 25 శాతం. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, మహిళలు తదితర ప్రత్యేక వర్గాలకు సొంత వాటా 5 శాతం, సబ్సిడీ పట్టణంలో 25, గ్రామంలో 35 శాతం. సేవా ప్రాజెక్టు 5 లక్షలు దాటితే ఎనిమిదో తరగతి పాసై ఉండాలి. దరఖాస్తు ఖాదీ కమిషన్ పోర్టల్ ద్వారా వేయాలి, జిల్లా పరిశ్రమల కేంద్రంలో సహాయం అడగవచ్చు. చాలామందికి తెలియని విషయాలు రెండు: ఇది కొత్తగా పెట్టే యూనిట్లకే ఇస్తారు, ఇప్పటికే నడుస్తున్న షాపుకు ఇవ్వరు, సబ్సిడీ సొమ్ము మీ చేతికి రాదు, మూడేళ్ల పాటు బ్యాంకులోనే మీ పేరున డిపాజిట్‌గా ఉండి, యూనిట్ సక్రమంగా నడుస్తున్నట్టు తేలాక అప్పులో సర్దుబాటు అవుతుంది. సబ్సిడీ ఎక్కువ వస్తుందని లక్ష రూపాయల పనికి ఎనిమిది లక్షల ప్రాజెక్టు రిపోర్టు రాయించుకున్నవారు, సబ్సిడీ పోను మిగిలిన లక్షల అప్పుకు వాయిదాలు తామే కట్టుకోవాలని మరిచిపోతారు. ఒంటరి మెకానిక్‌కు ఈ పథకం మొదటి మెట్టు మీద అవసరం లేదని నేను అనుకుంటాను.

డబ్బు కంటే లెక్కలు రాయడం నేర్చుకోవడం ముఖ్యం. జిల్లాల్లో లీడ్ బ్యాంకులు (జిల్లాలో బ్యాంకుల పనిని సమన్వయం చేసే బ్యాంకులు) నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు గ్రామీణ యువతకు భోజనం, వసతితో సహా ఉచితంగా శిక్షణ ఇస్తాయి, ఆ తరువాత రెండేళ్ల పాటు వెనక ఉండి సలహా ఇస్తాయి. ఈ పద్ధతి 1982లో కర్ణాటకలోని ఉజిరెలో ధర్మస్థల ట్రస్టు, సిండికేట్, కెనరా బ్యాంకులు కలిసి మొదలుపెట్టిన సంస్థ నుంచి వచ్చింది. పని వచ్చినవారికి కూడా అక్కడ నేర్పే పద్దులు, ధర నిర్ణయం పాఠాలు ఉపయోగపడతాయి.

కాగితాలు

చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు అయిన ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆధార్‌తో ఆన్‌లైన్‌లో ఉచితంగా అవుతుంది. దానికి డబ్బులు అడిగే వెబ్‌సైట్లు ప్రభుత్వానివి కావు. పీఎంఈజీపీకి వెళ్లే ఆలోచన ఉంటే మాత్రం, అది కొత్త యూనిట్లకే గనుక, ముందు పరిశ్రమల కేంద్రంలో అడిగి, తరువాతే ఏ రిజిస్ట్రేషన్ అయినా చేయించండి.

జీఎస్టీలో ఒక మెలిక ఉంది. సరుకులు మాత్రమే అమ్మేవారికి రిజిస్ట్రేషన్ పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. మెకానిక్ సరుకూ అమ్ముతాడు, సేవా అందిస్తాడు కాబట్టి అతనికి రెండు రాష్ట్రాల్లోనూ 20 లక్షలే వర్తిస్తుంది. ఇళ్ల పనే చేసేవారు ఆ దరిదాపులకు రారు. కంపెనీలు, ఆస్పత్రుల ఒప్పందాలు పట్టేవారిని మాత్రం జీఎస్టీ బిల్లు అడుగుతారు. అప్పుడు స్వచ్ఛందంగా నమోదు చేసుకోవలసి ఉంటుంది, చేసుకున్నాక వ్యాపారం లేని నెలల్లో కూడా రిటర్నులు వేయాలి. ఆదాయపు పన్నులో చిన్న వ్యాపారులు మొత్తం రాబడిలో 8 శాతాన్ని, బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో వచ్చినదానిపై 6 శాతాన్ని లాభంగా చూపే సులభ పద్ధతి ఉంది. పన్ను పడకపోయినా మొదటి ఏడాది నుంచే రిటర్ను వేయండి, రేపు పెద్ద రుణానికి వెళ్లినప్పుడు బ్యాంకు మొదట అడిగేది అదే.

స్నేహితుడితో కలిసి పెట్టాలనుకుంటే, ఎవరి పెట్టుబడి ఎంత, ఎవరి కష్టానికి ఎంత, విడిపోతే సామాను ఎవరికి అన్నది రాసుకొని సంతకాలు చేసుకోండి. అంత రాయడానికి మొహమాటపడే స్నేహంతో వ్యాపారం చేయకపోవడం మంచిది.

మొదటి ఏడాది

ధర విషయంలో పాత ఓనరు కంటే వంద తగ్గించి మొదలుపెట్టడం అందరూ చేసే పని. వంద తగ్గించినందుకు వచ్చిన కస్టమరు, మరొకరు రెండు వందలు తగ్గిస్తే అటు వెళతాడు. అదే ధర తీసుకొని, పనికి నెల రోజుల హామీ బిల్లు మీద రాసి ఇవ్వడం, చెప్పిన సమయానికి వెళ్లడం, పాత పార్టు కస్టమరు చేతికి ఇవ్వడం, ఈ మూడింటితో నిలబడటం మేలు. యాప్‌ల ద్వారా పని తీసుకోవడం మొదట్లో ఖాళీ రోజులు నింపుతుంది. కమీషను, సామాను నిబంధనలు పోను రోజుకు ఎంత మిగులుతుందో నోటుబుక్కులో వేరుగా రాసుకోండి.

ఉద్దెర పెట్టడం పూర్తిగా మానలేరు, కాని ఒక హద్దు ఉండాలి. అపార్ట్‌మెంట్ సంఘాలు, చిన్న ఆఫీసులు బిల్లు ఇచ్చిన రెండు మూడు నెలలకు చెల్లిస్తాయి. స్పేర్ పార్టుల షాపువాడు మాత్రం నెలాఖరుకు అడుగుతాడు. ఆ మధ్య సందు పూడ్చడానికే చాలామంది డైలీ ఫైనాన్సు దగ్గరికి వెళతారు గనుక, సామాను ఖరీదు ముందుగా తీసుకొని, కూలి మాత్రమే బాకీ ఉంచే అలవాటు చేసుకోవాలి.

గ్యాస్ విషయంలో జాగ్రత్త పనితనానికే కాదు, ప్రాణానికీ సంబంధించినది. ఇప్పుడు ఇళ్లలో ఎక్కువగా వస్తున్న ఆర్-32కు కొద్దిపాటి మండే గుణం ఉంది, ఆర్-290 అయితే ప్రొపేనే. పాత ఆర్-410ఏ మీద అలవాటైన చేతితో, లైనులో గ్యాస్ ఉండగానే అతుకు వేసే బ్రేజింగ్ టార్చి వెలిగించడం ప్రమాదం. షాపులో ఉన్నప్పుడు పక్కన సీనియరు ఉండి కేకేసేవాడు. ఒంటరిగా ఉన్నప్పుడు ఎవరూ ఉండరు. ఓజోను పొరకు హాని చేసే ఆర్-22ను దేశం 2030 నాటికి దాదాపు పూర్తిగా ఆపేయవలసి ఉంది కాబట్టి, పాత యూనిట్ల మీద ఆధారపడిన కస్టమర్ల సంఖ్య ఏటేటా తగ్గుతుందని కూడా లెక్కలో పెట్టుకోండి.

తిరిగి వెళ్లవలసి వస్తే

బయలుదేరేటప్పుడే ఆగవలసిన గీత ఒకటి గీసుకోవాలి. నా సూచన ఇది: ఒక పూర్తి సీజను, ఒక పూర్తి వానాకాలం, ఒక చలికాలం గడిచాక, ఫిబ్రవరి చివర్లో నోటుబుక్కు తీసి పన్నెండు నెలల సగటు కట్టండి. అది పాత జీతం, ఓనరు కట్టిన పీఎఫ్, ఈఎస్ఐ కలిపిన మొత్తానికి దగ్గరగా వస్తే రెండో ఏడాది కొనసాగండి, అప్పుడు హెల్పరును నెల జీతం మీద పెట్టుకోవాలా అన్నది ఆలోచించండి. అందులో ముప్పాతిక వంతు కంటే తక్కువ ఉండి, ఒప్పందాలు కూడా కుదరకపోతే, మరో సీజను చూద్దామని కొత్త అప్పు చేయకుండా ఉద్యోగం వెతకడం మొదలుపెట్టండి. ఫిబ్రవరిలోనే సర్వీసు సెంటర్లు సీజను కోసం మనుషులను తీసుకుంటాయి, కాబట్టి వెతకడానికి అదే మంచి నెల.

అలా తిరిగి వెళ్లేవారు సర్వీసు టెక్నీషియన్ పోస్టుకే దరఖాస్తు చేయనవసరం లేదు. అంచనాలు రాసి, కస్టమరుతో బేరం కుదిర్చి, స్పేర్ల ఖాతా నడిపి, ఏఎంసీ ఒప్పందాలు చేసిన అనుభవం సూపర్‌వైజరు, సైట్ కోఆర్డినేటరు పోస్టులకు నేరుగా పనికివస్తుంది. చేసిన ఒప్పందాల కాపీలు, జీఎస్టీ లేదా ఆదాయపు పన్ను రిటర్నులు ఇంటర్వ్యూకు వెంట తీసుకువెళ్లండి. కొత్త ఉద్యోగంలో పాత యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి గుర్తింపు) నంబరే ఇచ్చి, స్కీమ్ సర్టిఫికెట్ జతచేస్తే మధ్యలో పోయిన ఏడాది తప్ప మిగతా సర్వీసంతా కలుస్తుంది. పనిముట్లు అమ్మేయవద్దు, వ్యాక్యూమ్ పంపులో నూనె మార్చి, గేజ్ గొట్టాలకు మూతలు బిగించి, పెట్టెలో పెట్టి ఉంచండి.